నల్లగొండలో ఆఫీసుకు పోనురాను 12 కిలోమీటర్లు: కారు బదులు ఏ బండి మేలు?

ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకోండి. నెలకు 300 కిలోమీటర్లకు సుమారు 10 యూనిట్ల కరెంటు చాలు. పెట్రోలు స్కూటరైతే 6, 7 లీటర్లు తాగుతుంది. 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ ఇద్దరెక్కితే ఎత్తు లాగదు.

అసలు చూడాల్సింది బ్యాటరీ. చవకని లెడ్ యాసిడ్‌ది కొనకండి, మన ఎండలకు తొందరగా పాడైపోతుంది. లిథియమే మేలు, అందులో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం వేడికి ఇంకా బాగా ఆగుతుంది. మే నెలలో ఎండన పడి వచ్చి వెంటనే చార్జింగ్ పెట్టొద్దు. సీటు కింద చెయ్యి పెడితే సెగ తగలనంతవరకు నీడన ఆరనివ్వండి. పాత బండైతే ఫుల్ చార్జి చేయించి, మీ దారిలోనే పోయొచ్చి, ఎంత శాతం దిగిందో చూశాకే బేరమాడండి.