ముందు వంక వెంబడి నడువు తల్లీ, జేసీబీ తర్వాత

తల్లీ,

చెరువు సంఘానికి నిన్ను ప్రెసిడెంటుగా పెట్టుకున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. వచ్చే వారమే జేసీబీలు దింపి పూడిక తీయిస్తావని కూడా చెప్పింది. ఆ పని కొన్నాళ్లు ఆపమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇరవై ఏళ్ల కిందట మేమూ అట్లే తొందరపడ్డాం. చందాలేసుకుని ఎండాకాలమంతా మట్టి తోలాం. సెప్టెంబరులో ఒక రాత్రి కుండపోతగా వాన కురిసింది. తెల్లవారకముందే కట్ట మీదికి పరిగెత్తితే తూము దగ్గర మోకాలిలోతు నీళ్లే ఉన్నాయి. అనుమానమొచ్చి చెరువులోకి నీళ్లు తెచ్చే వంక వెంబడి పైకి పోయాం. కొత్త రోడ్డు కింద రెండంటే రెండే పైపులు వేశారు, అవీ వంక అడుగుకు మూరెడు ఎత్తులో. ఎర్రనీళ్లు రోడ్డుకు కొట్టుకుని, పక్కకు తిరిగి, ఎవరెవరి చేలలోకో పోతున్నాయి. ఇంకా పైకి పోతే వంక ఆనవాలే లేదు. చేనులో కలిపేసి దున్నేశారు, మీద వేరుశనగ పచ్చగా ఉంది. ఆ రోజు మా నాయన ఏమీ అనలేదు, చెప్పులు చేత పట్టుకుని ఆ బురదలోనే చాలాసేపు నిలబడ్డాడు.

మన అనంతపురం పక్క ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. జల్లులతో చెరువు నిండదు. నింపేది ఆగస్టు, అక్టోబరు నడుమ వచ్చే మూడు నాలుగు పెద్ద వానలే. ఆ రోజున నీళ్లు దారి తప్పితే ఆ ఏడాది అంతే సంగతి. వచ్చిన నీళ్లలోనూ మన ఎండలకు ఏడాదిలో ఆరడుగుల లోతు దాకా ఆవిరైపోతుంది. పూడికతో మెరకపడిన చెరువులో నీళ్లు పళ్లెంలో పోసినట్టు పరుచుకుని ఇంకా తొందరగా ఎండిపోతాయి. అందుకే పూడిక తీయొద్దని నేను అనడం లేదు.

బోర్ల సంగతి వేరే చెప్పాలా? మా చిన్నప్పుడు వంకలో ఊట సంక్రాంతి దాకా పారేది. ఇప్పుడు వందల అడుగుల కిందికి తోడేశాం. భూమి కడుపు నిండితే గానీ వంక పారదు. మొదటి వానలన్నీ ఆ దాహానికే సరి.

కడప పక్క పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు ఉండే ఆరు దోషాలను అందులో చెక్కించారు. వచ్చే నీళ్లు తక్కువై, తడపాల్సిన భూమి ఎక్కువైపోవడం వాటిలో ఒకటి. మధ్య ఆసియాలోని అరల్ సముద్రమూ ఆ దోషంతోనే పోయింది. పత్తి సాగుకని దానిలోకి వచ్చే రెండు నదులనూ పైనే మళ్లించారు. సముద్రమంతటిదే ఎండి పడవలు ఇసుకలో మిగిలాయి.

కాబట్టి ముందు ఎఫ్.ఎం.బి. స్కెచ్, అంటే సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే పటం, తెచ్చుకో. వంక పోరంబోకు ఎంత వెడల్పుందో చూసుకుని, చెరువు నోటి నుంచి పై ఊరి చెరువు మరువ దాకా, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లి పారే చోటు దాకా, నడువు. ఎక్కడ కంప అల్లుకుంది, ఎక్కడ దున్నారు, ఎక్కడ పైపులు ఎత్తులో ఉన్నాయి, అన్నీ రాసుకో. దున్నుకున్న వాళ్ల మీదికి నోటీసుతో పోవద్దు. ముందు వాళ్లింట్లో కూర్చుని నీళ్లు తాగి మాట్లాడు. పై ఊరి వాళ్లతోనూ అంతే, వాళ్ల చెరువు మరువ పారితేనే మనకు నీళ్లు.

మన మరువను కూడా చేత్తో తడిమి చూడు. ముంపులో చేలున్న వాళ్లు చీకట్లో ఒక రాయి పీకేస్తే చాలు, చెరువు నిండకముందే నీళ్లు బయటికి పోతాయి.

పూడిక తీసేటప్పుడు కట్ట మొదట్లో తవ్వనివ్వొద్దు. ట్రాక్టరుకు దగ్గరని అక్కడే తవ్వుతారు, కట్ట బలం పోతుంది. నల్లమట్టి పోయి గరుసు, అంటే రాళ్లమట్టి, కనబడిందంటే అక్కడ ఆపించు. ఆ జిగట నల్లమట్టి పొర తెగిందంటే నీళ్లు నిలవవు.

మొదటి పెద్ద వాన పడిన రాత్రి నాకు ఫోన్ చేయి, ఎంత పొద్దుపోయినా సరే. టార్చి, గొడుగు తీసుకుని ఇద్దరు మనుషులతో రోడ్డు పైపుల దగ్గరికి పో, వంకలోకి మాత్రం దిగొద్దు. స్కెచ్ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో.

మీ మామ