పై పోర్షన్‌లో సెగ, కింది పోర్షన్‌లో వరద

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఎండ గురించి, సగం నీళ్ల గురించి. టైల్స్ ఏ కంపెనీవి బాగుంటాయి, రంగు ఏది వేయాలి అనే ప్రశ్నలు పక్కన పెట్టేశాను, ఏమనుకోకండి. ఆ ఖర్చు కన్నా ముందు ఎండ ఎటు పడుతోంది, వాన నీళ్లు ఎటు పోతున్నాయి అన్నది తేల్చుకుంటేనే మంచిది, ఎందుకంటే టైలు నచ్చకపోతే పదేళ్లకైనా మార్చుకోవచ్చు గానీ ఇంటి ఎత్తు మార్చలేం.

ప్రశ్న: మేడం, మాది రెండో అంతస్తు, పైన స్లాబే. పగలు ఎట్లనో గడుస్తది గానీ రాత్రి పదకొండైనా ఫ్యాను వేడి గాలే కొడుతది. ఏసీ పెడదామంటే కరెంటు బిల్లు టెన్షన్. మావారు ఫాల్స్ సీలింగ్ అంటున్నరు, మా తమ్ముడేమో పైన రేకుల షెడ్డు వెయ్యమంటున్నడు. ఏది మంచిది?
– ఒక గృహిణి, కరీంనగర్

ముందు సున్నం వేయండమ్మా, మిగతా రెండూ తర్వాత చూద్దాం.

అయిదంగుళాల కాంక్రీటు పొద్దున్నించీ ఎండని తాగుతూనే ఉంటుంది, ఆ వేడి మందమంతా దాటి మీ గదిలోకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మధ్యాహ్నం రెండింటి ఎండ మీకు రాత్రి భోజనాల వేళకి తెలుస్తుంది. రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, తర్వాత లోపలి గోడకి ఆనించండి. రెండింటికీ తేడా చేతికే తెలిసిపోతుంది. ఫ్యాను చేసేదల్లా ఆ సీలింగ్ కింద పోగైన వేడిగాలిని మీ మీదికి తోయడమే.

ఎండని లోపలికి రానిచ్చి ఏసీతో బయటికి తోలడం కన్నా పైనే తిప్పికొట్టడం చవక. తెల్లటి పైకప్పు చేసే పని అదే. రాళ్ల సున్నం దొరికితే ముందురోజే నీళ్లలో వేసి ఉంచండి (కుతకుతలాడుతుంది, ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని అటు రానివ్వకండి, కళ్లద్దాలూ గ్లవుజులూ తప్పనిసరి). మర్నాడు పాత గుడ్డలో వడకట్టి, పట్టు కోసం పెయింట్ షాపులో దొరికే జిగురు కలిపి, దోసెల పిండి కన్నా కాస్త పలచగా చేసుకుని ఒక కోటు నిలువుగా, ఆరాక ఇంకో కోటు అడ్డంగా కొట్టించండి. దానికంటే ముందు స్లాబు ఊడ్పించి, కడిగించి, పగుళ్లుంటే పూడ్పించుకోవాలి, నాచు మీద వేసిన సున్నం వారానికే పెళ్లలుగా లేచిపోతుంది. ఫిబ్రవరి చివరికి ఈ పని అయిపోవాలి. నమ్మకం కుదరకపోతే సగం డాబాకే వేసి మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తెల్ల భాగం మీంచి నల్ల భాగం మీదికి నడిచి చూడండి, రెండో అడుగు వేయలేరు.

సున్నం ఒక వానాకాలానికే సగం కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాలి. ఏటా ఎవరు చేస్తారంటారా, అయితే ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది, తెల్ల టైలు ముక్కలు పరిపించుకుంటే ఇంకా చాలాకాలం ఉంటుంది. ఏది వేసినా దుమ్ము పట్టి బూడిద రంగుకి తిరిగితే ఫలితం తగ్గిపోతుంది, వేసవిలో అప్పుడప్పుడూ కడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలూ అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకీ ఇది తప్పనిసరి చేశారు, చిన్న ఇళ్లకి మాత్రం ఎవరిష్టం వారిది. నన్నడిగితే అసలు అవసరం చిన్న ఇళ్లకే, పెద్ద ఇళ్లవాళ్లకి ఎలాగూ గదికో ఏసీ ఉంటుంది.

మీవారి ఫాల్స్ సీలింగ్ వల్ల కొంత ఉపశమనం ఉంటుంది గానీ స్లాబు కాగడం ఆగదు, పైగా అసలే ఎత్తు తక్కువున్న గదిలో ఫ్యాను నెత్తికి తగిలేలా ఉంటుంది. మీ తమ్ముడి షెడ్డు నీడనిస్తుంది, కాదనను. నాలుగు వైపులా గాలి ఆడేలా ఉండాలి, గాలిదుమారానికి లేచిపోకుండా కట్టుదిట్టంగా బిగించాలి, మున్సిపాలిటీ అనుమతి సంగతీ చూసుకోవాలి. ఆ డబ్బే ఉంటే నేనైతే సోలార్ పెట్టిస్తాను. ఒక కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగుల చోటు పడుతుంది, అంత మేర స్లాబుకి నీడ ఉత్తపుణ్యానికే వచ్చినట్టు, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి రూ. 78,000 సబ్సిడీ కూడా ఉంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో ఛాతీ లోతున నిలిచాయి. పాత ఇల్లు కొట్టేసి కొత్తది కడదామనుకుంటున్నాం. మేస్త్రి అయిదడుగుల బేస్‌మెంట్ లేపితే ఇక ఢోకా లేదంటున్నాడు. నమ్మొచ్చా?
– అజిత్‌సింగ్ నగర్ వాసి, విజయవాడ

సగమే నమ్మండి.

ఆ వరద మీ వీధి కాలువ పొంగితే వచ్చింది కాదు. వెలగలేరు దగ్గర బుడమేరు వాగుని మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేందుకు డైవర్షన్ కాలువ ఉంది. ఆ రోజుల్లో కృష్ణకే రికార్డు వరద, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉంటే అందులో కలవాల్సిన కాలువ ఖాళీ అవదు, పైనుంచి మాత్రం నీళ్లు వచ్చిపడుతూనే ఉంటాయి. చివరికి గట్లకి గండ్లు పడ్డాయి, బుడమేరు కొల్లేరు వైపు తన పాత దారి పట్టింది. ఆ దారిలోనే మీ కాలనీ ఉంది. అంటే, గట్టు ఎంత బాగుచేసినా మీరు మాత్రం నీళ్లు మళ్లీ వస్తాయనే లెక్కలోనే ఇల్లు కట్టుకోవాలి.

పాత ఇల్లు కొట్టేయకముందే గోడ మీద బురద మరక ఎక్కడిదాకా ఉందో టేపు పెట్టి కొలిచి, ఆ ఎత్తుని రోడ్డు మట్టం నుంచి రాసిపెట్టుకోండి, ఫొటో కూడా తీసుకోండి. గోడ పడగొడితే ఆ లెక్క పోతుంది. కొత్త ఇంటి గచ్చు ఆ మరక కన్నా కనీసం అడుగున్నర పైన ఉండాలి. మీరు చెప్పిన లోతుకి అయిదడుగులు చాలవు, పైగా అంత ఎత్తు మట్టితో నింపితే ఖర్చుకి ఖర్చు, పక్కింటి గోడ మీద నీళ్ల ఒత్తిడి అదనం. స్థలమంతా మెరక చేసుకున్నవాడి నీళ్లు ఎవరింట్లోకి పోతాయో మీ వీధిలో మీరు చూసే ఉంటారు. దానికన్నా కింద పార్కింగ్ వదిలి పైన ఇల్లు కట్టుకోండి. అయితే స్తంభాల మీద ఊరికే నిలబెట్టిన ఇల్లు భూకంపానికి బలహీనం, విజయవాడకీ ఆ ముప్పు ఓ మోస్తరుగా ఉంది, కాబట్టి కింది అంతస్తు స్తంభాల సైజూ ఇనుమూ మేస్త్రి చెప్పిన లెక్కతో కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇచ్చిన డ్రాయింగ్‌తో వేయించండి. ఆయన ఫీజు దగ్గర బేరం వద్దు.

కరెంటు మీటరూ, మెయిన్ బోర్డూ, ఇన్వర్టర్ బ్యాటరీ మరక కన్నా పైన. కింది భాగం వైరింగ్‌కి విడి ఎంసీబీ (ప్రమాదంలో దానికదే ఆగిపోయే స్విచ్చి) ఉంటే దాన్ని ఆపేసి పైన దీపం వెలిగించుకోవచ్చు. సంపు మూత నేల మట్టానికి పెట్టించకండి, గట్టు కట్టించి గట్టి మూత వేయించండి, ఆ వరదలో చాలామందికి అన్నిటికన్నా ముందు కరువైంది తాగే నీళ్లే. బాత్రూం పైపు బయటికెళ్లే చోట నీళ్లు వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టకపోతే వీధిలో వరద ఇంట్లోకి గుమ్మం కన్నా ముందు కమోడ్ లోంచి వస్తుంది. కింద ఏ గది కట్టినా ప్లైవుడ్ కప్‌బోర్డులొద్దు, కడప బండ అరలు వేయించుకుంటే కడిగి వాడుకోవచ్చు. డాబా మీదికి మెట్లు బయటి నుంచి ఉండాలి, పడవ వచ్చేది అక్కడికే.

ఇవన్నీ చెప్పాను గానీ, అమ్మి వేరేచోట కొనుక్కునే వీలుంటే ఆ ఆలోచనా తప్పు కాదు.

ప్రశ్న: మా దగ్గర బూడిద ఇటుక ఎర్ర ఇటుక కంటే చవగ్గా వస్తోంది. కానీ గోడలు పగుళ్లిస్తాయని మా మామయ్యగారు వద్దంటే వద్దంటున్నారు. ఆయన మాట కాదనలేను.
– అనకాపల్లి పాఠకుడు

మామయ్యగారు చూసిన పగుళ్లు నిజమే అయ్యుంటాయి, నేరం మాత్రం బూడిదది కాదు. పచ్చి ఇటుక తెచ్చి కట్టేస్తారు, గోడలో ఉండగా అది ఆరి కుంచించుకుపోతుంది, ప్లాస్టరింగ్ చీలుతుంది. తయారయ్యాక కనీసం రెండు మూడు వారాలు తడిపి, తర్వాత ఆరనిచ్చిన ఇటుకే కొనండి. లోడు దిగగానే రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టండి, ఖంగుమనాలి. ఒకదాన్ని నడుం ఎత్తు నుంచి మట్టి మీద పడేయండి, ముక్కలైతే లారీ వెనక్కి పంపేయండి. ఇంకోదాన్ని తూచి, ఒకరోజు నీళ్లలో ముంచి మళ్లీ తూచండి, బరువు అయిదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే వద్దు.

స్తంభమూ గోడా కలిసే చోట కోడివల కొట్టి ఆ మీదే ప్లాస్టరింగ్ చేయించాలి, సగం పగుళ్లు అక్కడే పుడతాయి, ఎర్ర ఇటుకైనా ఇది తప్పదు.

ఆయనకి ఇంకో మాట చెప్పండి. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీలో కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించింది మన విశాఖలోనే, భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తలు. మీ పక్కనే పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద గుట్టలున్నాయి, ఎర్ర ఇటుకకైతే పొలాల పైమట్టిని తవ్వి కాల్చాలి. రైతు కుటుంబమైతే ఆయనకి ఈ పైమట్టి సంగతి మీకన్నా బాగా తెలుసు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ బోరు మార్చికే ఎండిపోతోంది. ఇంకుడు గుంత ఉంది, లాభం లేదు. నెలకి ట్యాంకర్లకే వేలు పోస్తున్నాం.
– అసోసియేషన్ కార్యదర్శి, నిజాంపేట, హైదరాబాద్

గుంత మూత ఎప్పుడైనా తీయించారా? చాలా అపార్ట్‌మెంట్లలో పర్మిషన్ కోసం గుంత తవ్వి, బిల్డర్ మిగిలిన గోడల పెళ్లలు అందులోకి తోసి, పైన టైల్స్ పరిచేస్తాడు. అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక ఉండాలి, ఆ పైన కొంత ఖాళీ ఉండాలి. వాన నీళ్లు గుంతలోకి దిగేముందు ఒక చిన్న తొట్టిలో ఆగి మట్టి పేరుకోవాలి. ఇసుక ప్రతి మే నెలలో పైకి తీసి కడిగించాలి, ఒండ్రు కట్టిన ఇసుకలో నీళ్లు దిగవు.

లెక్క చూడండి. 1,500 చదరపు అడుగుల డాబా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 140 లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, అయిదో వంతు పోయిందనుకున్నా 90 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 18. మీ డాబా ఇంకా పెద్దదే కదా. డాబా పైపుల్ని మాత్రమే గుంతకి కలపండి, పార్కింగ్ నూనె నీళ్లూ, వంటింటి నీళ్లూ వద్దు, బోరు పాడైతే బాగుచేయడం కష్టం. ఎండిన బోరుంటే దాని కేసింగ్ గొట్టానికి రంధ్రాలు పెట్టి చుట్టూ ఫిల్టరు గుంత కట్టించొచ్చు, ఇది భూగర్భ జలాల వాళ్లకి చూపించి చేయండి.

మీ ఒక్కరి గుంతతో మీ బోరు నిండుతుందని మాత్రం ఆశపెట్టను. కింద గ్రానైటు రాయి, పగుళ్లలో దిగిన నీళ్లు ఎటు పోతాయో మన చేతిలో లేదు, వీధంతా చేస్తేనే తేడా తెలుస్తుంది. ఊరికంతటికీ ఇంకుడు గుంతలు చెరువులే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వరదని ఆపడానికీ, ఊరికి నీళ్లివ్వడానికీ రెండింటికీ పనికొచ్చాయి. చెరువులు పూడ్చి కాలనీలు వేశాక జూలైలో పడవలూ మార్చిలో ట్యాంకర్లూ రాక తప్పుతుందా?

ప్రశ్న: రాజమండ్రిలో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తున్నాను. ముందంతా గ్లాస్ ఎలివేషన్, పడమటి ముఖం. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వస్తుందా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

ముందు ఆ గాజు తీసేయండి బాబూ. రాజమండ్రిలో పడమటి గాజు వెనక మే నెలలో మీ నాన్నగారు కూర్చోలేరు, కర్టెన్లు వేసుకుని లైటు పెట్టుకుంటారు. హైదరాబాద్‌లో సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో లీడ్ ప్లాటినం (గ్రీన్ బిల్డింగులకిచ్చే వాటిలో అన్నిటికన్నా పై) రేటింగ్ వచ్చింది, అందులో మధ్యలో ముంగిలి ఉంటుంది, జాలీ గోడలుంటాయి. మండువా ఇళ్లు చూసిన మీ అమ్మగారికి ఇవేవీ కొత్త కాదు, ఆవిడనే ఓసారి అడగండి. పడమటి వైపు చిన్న కిటికీలు, లోతైన సజ్జాలు, ఒక వసారా. సర్టిఫికెట్ ఖర్చుతో ఎదురుబొదురు కిటికీలకి దోమల జాలీలు బిగించండి, రాత్రిళ్లు తెరుచుకుని పడుకుంటారు.

ప్రశ్న: తిత్లీ తుపానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. మళ్లీ వేసి ఇసుక బస్తాలు పెట్టాం. సరిపోతుందా?
– వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

సరిపోదు. గాలి రేకుని కిందకి నొక్కదు, పైకి పీలుస్తుంది, అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర మరీను. మీ తీరంలో ఇళ్లకి గంటకి 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలని మన భవన నిర్మాణ కోడ్ చెబుతుంది, బస్తా ఆ గాలికి ఆగదు, జారిపడితే ఎవరి తలైనా పగులుతుంది.

మేకులు తీయించి జె-బోల్టులు వేయించండి, వాషర్లతో సహా. మధ్యలో ఎంత దూరానికి వేస్తే అంచుల్లో అందులో సగం దూరానికే వేయాలి. రేకులు ఆనే దూలాన్ని గోడ పైన వేసిన కాంక్రీటు బెల్టులోకి బోల్టుతో దించాలి, రేకు దూలాన్ని పట్టుకుని దూలం గోడని పట్టుకోకపోతే కప్పు మొత్తం ఒకేసారి లేస్తుంది. చూరు అడుగున్నర దాటి బయటికి పెట్టకండి. వరండా రేకు వేరేగా వేయించండి, అది ఊడినా ఇంటి కప్పు మిగులుతుంది. మళ్లీ కట్టే అవకాశం వస్తే రెండు వాలుల కప్పు కాకుండా నాలుగు వైపులా వాలు పెట్టించండి. మీ పల్లెల్లో చుట్టిళ్లు ఇంకా ఉన్నాయి కదా, గుండ్రటి గోడ, కిందికి దిగిన చూరు, గాలికి పట్టు దొరికే మూలే ఉండదు.

తుప్పు పట్టిన బోల్టులు ఉప్పుగాలికి రెండు మూడేళ్లలోనే సన్నబడిపోతాయి. సెప్టెంబరులో ఒకసారి ఎక్కి స్పానర్‌తో తిప్పి చూసి, చేతికి ఊడొచ్చినవి అప్పుడే మార్పించేయండి.