టెక్సస్‌లో అయిన విడాకుల డిక్రీ కాపీ: మాజీ భర్తను అడగాల్సిన పని లేదు

మీ చెల్లెలికి 2012లో "డాలస్ దగ్గర" విడాకులయ్యాయని, ఇప్పుడు హైదరాబాద్‌లో రెండో పెళ్లి రిజిస్ట్రేషన్‌కి డిక్రీ (కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు కాగితం) సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ధ్రువీకరించిన కాపీ, అడుగుతున్నారని రాశారు. చేతిలో ఉన్నది మసకబారిన జిరాక్స్ ఒక్కటే, అప్పటి లాయరు ఫోన్ ఎత్తడం లేదు, మాజీ భర్తతో మాటల్లేవు. 2019లో నాదీ అచ్చం ఇదే పరిస్థితి. నా విడాకులూ టెక్సస్‌లోనే అయ్యాయి. ఇండియా వచ్చేశాక పాస్‌పోర్టులో భర్త పేరు తీయించుకోవడానికి డిక్రీ కావాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ముందు ఈ మాట మీ చెల్లెలికి చెప్పండి. ఆ కాపీ కోసం మాజీ భర్త సంతకం అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, అతనికి తెలియజేయాల్సిన పని కూడా లేదు. ఈ సంగతి తెలియక నేను నాలుగు నెలలు నలిగిపోయాను. అతనికి మెసేజ్ పెట్టాలా, పెడితే ఏమంటాడు, పాత మాటలన్నీ మళ్ళీ మొదలవుతాయా అని రాత్రిళ్లు ఒకటే టెన్షన్. మా నాన్న అయితే వాళ్ల పెద్దవాళ్ల దగ్గరికి ఒక మధ్యవర్తిని పంపుదామన్నారు. అవేవీ అవసరం లేకపోయింది. టెక్సస్‌లో విడాకుల కేసు ఫైలు పబ్లిక్ కోర్టు రికార్డు. ఎవరూ చూడకుండా జడ్జి ప్రత్యేకంగా ఫైలును సీల్ చేస్తే తప్ప, ఫీజు కట్టి అడిగిన వాళ్లకి కాపీ ఇస్తారు. మీ చెల్లెలు ఆ కేసులో ఒక పక్షం కాబట్టి ఆమెకు ఇంకా ఇబ్బంది ఉండదు.

అమెరికాలో విడాకులకు దేశం మొత్తానికి ఒకే రిజిస్టరంటూ లేదు. విడాకులిచ్చేది రాష్ట్రానికి చెందిన కోర్టు, ఫైలు ఉండేది కేసు నడిచిన కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. టెక్సస్‌లో అవి 254 ఉన్నాయి. ఏ కౌంటీనో తేలితే మిగతాదంతా గుమస్తా పనే.

అందుకే ముందు ఆ జిరాక్స్ మొదటి పేజీని మంచి వెలుతురులో పెట్టి చూడండి. పైన కాజ్ నంబర్ అని ఉంటుంది, అదే కేసు నంబరు. దాని కింద ఎడమవైపు "ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్" అని ఇద్దరి పేర్లు, కుడివైపు ఎన్నో నంబరు డిస్ట్రిక్ట్ కోర్టో, ఏ కౌంటీయో ఉంటాయి. ఈ నాలుగు లైన్లు చదవగలిగితే సగం పని అయిపోయినట్టే.

చదవలేకపోతే అడ్రసును బట్టి వెళ్లాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మనవాళ్లు ఇర్వింగ్‌లో ఉన్నా, ప్లేనోలో ఉన్నా, ఫ్రిస్కోలో ఉన్నా ఇంటికి ఫోన్ చేసినప్పుడు "డాలస్" అనే చెబుతాం. ఇర్వింగ్ డాలస్ కౌంటీలో ఉంది. ప్లేనో దాదాపు అంతా కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంటుంది. కారల్టన్ అయితే మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. నేను ఉన్నది ఫ్రిస్కో. మా అపార్ట్‌మెంట్ కాలిన్ కౌంటీలో ఉందనే నమ్మకంతో రెండు వారాలు ఆ కౌంటీ సైట్‌లోనే వెతికాను. కేసు లేదు. అసలు విడాకులు కోర్టులో నమోదే కాలేదేమో, ఇన్నాళ్లూ నేను చట్టం దృష్టిలో భార్యగానే ఉన్నానేమో అని చేతులు వణికిపోయాయి. చివరికి పాత అపార్ట్‌మెంట్ అడ్రసును ఆస్తి పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కొడితే అది డెంటన్ కౌంటీ అని తేలింది. ఆ కౌంటీ సైట్‌కి వెళ్తే రెండు నిమిషాల్లో నా కేసు కనబడింది.

ఇంకో ఆధారం కూడా ఉంది. టెక్సస్‌లో విడాకుల కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరైనా అప్పటికి ఆ రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. కాబట్టి కాపురం ఎక్కడ చేశారన్నది ఒక్కటే చాలదు. కేసు వేయడానికి ముందు మూడు నెలలు ఎవరెక్కడ ఉన్నారో మీ చెల్లెలిని అడగండి. విడిపోయాక ఆయన ఉద్యోగం మారి హ్యూస్టన్ వెళ్లి అక్కడ వేసి ఉంటే ఫైలు హారిస్ కౌంటీలో ఉండే అవకాశం ఎక్కువ.

పేరుతో వెతికేటప్పుడు మన పేర్లే మనకు అడ్డం పడతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని) అని పడుతుంది. కోర్టు కాగితాల్లోకి కూడా అది అలాగే ఎక్కిన సందర్భాలున్నాయి. వెంకట నాగలక్ష్మి లాంటి పేరుంటే ఒకచోట వెంకట మాత్రమే, ఇంకోచోట నాగలక్ష్మి మాత్రమే ఉంటుంది. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకుని ఉండొచ్చు, పుట్టింటి పేరుతోనే ఉండి ఉండొచ్చు. ఇద్దరి పేర్లతోనూ, పేరు ముందూ వెనకా మార్చి, స్పెల్లింగ్ మార్చి చూడండి. నా పేరుతో ఎంత వెతికినా రాలేదు, అతని ఇంటిపేరుతో కొడితే వచ్చింది. కేసు కనబడగానే ఆగిపోకండి. చివర్లో "ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్" అనే నమోదు, జడ్జి సంతకం చేసిన తేదీ ఉన్నాయో లేదో చూడండి. కొన్ని కేసులు ఎవరూ పట్టించుకోక మధ్యలో కొట్టేసి ఉంటాయి. అలాంటిదైతే విడాకులు అయినట్టు కాదు.

ఈ దశలో గూగుల్‌లో పైన కనిపించే ప్రైవేటు సైట్ల జోలికి వెళ్లకండి. ఒకదానికి నేను 40 డాలర్లు కట్టాను. మా ఇద్దరి పేర్లు, ఒక సంవత్సరం ఉన్న ఒక పేజీ పంపారు. దాన్ని ఏ ఆఫీసూ తీసుకోదు. కౌంటీ సొంత సైట్‌లోకే వెళ్లండి.

ఇక అడగాల్సిన ఆఫీసు. టెక్సస్‌లో పెళ్లి లైసెన్సులు కౌంటీ క్లర్క్ దగ్గర, విడాకుల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో నా తరఫున వెళ్లిన స్నేహితురాలు ముందు కౌంటీ క్లర్క్ కిటికీ దగ్గర గంట నిలబడింది. ఇది కాక రాష్ట్ర ఆరోగ్య శాఖలోని వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం 1968 నుంచి అయిన విడాకులకు 20 డాలర్లకు వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది. విడాకులు నమోదయ్యాయా లేదా, ఏ కౌంటీలో అయ్యాయి అన్నది తేల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ అది డిక్రీ కాదు, డిక్రీ బదులు చెల్లదు. ఏ కౌంటీనో ఎంతకీ తేలకపోతే ముందు ఈ లెటర్ తెప్పించుకోండి.

డిస్ట్రిక్ట్ క్లర్క్‌కి రాసేటప్పుడు కాజ్ నంబర్, ఇద్దరి పూర్తి పేర్లు, డిక్రీ తేదీ రాసి, "ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్, సర్టిఫైడ్ కాపీ, కాగితం మీద" అని స్పష్టంగా అడగండి. సర్టిఫైడ్ అనకపోతే మామూలు కాపీ ఇస్తారు, అది మళ్ళీ జిరాక్స్‌తో సమానమే. ఫీజు పేజీకి ఒక డాలరు, పైన సర్టిఫికెట్‌కి కొన్ని డాలర్లు. నాది 22 పేజీలు, 30 డాలర్ల లోపే అయిపోయింది. ఇండియా నుంచి డాలర్లలో మనీ ఆర్డర్ తీయడం కష్టం కాబట్టి అక్కడున్న బంధువో స్నేహితులో ఒకరు ఉంటే పని తేలికవుతుంది. నేనైతే రెండు కాపీలు తీసుకోమంటాను. ఒకటి ఆఫీసులో ఇచ్చేస్తే తిరిగి రాదు. ఇంకో జాగ్రత్త, స్కాన్ చేయడానికని ఆ కాపీ పేజీలను కలిపి ఉంచే పిన్ను ఎప్పుడూ తీయకండి. పిన్ను ఊడిన కాపీలో పేజీలు మార్చారేమోనన్న అనుమానం వస్తుంది.

ఇండియాలో వాడాలంటే దానికి అపోస్టిల్, అంటే ఆ కాగితం అసలైనదేనని వేరే దేశంలో చూపించడానికి ఇచ్చే ప్రభుత్వ ధ్రువీకరణ, వేయించాలి. టెక్సస్‌లో ఆ పని ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు చేస్తుంది, ఒక్కో డాక్యుమెంటుకు 15 డాలర్లు. ఈ ధ్రువీకరణను దేశాలు పరస్పరం గుర్తించే హేగ్ అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచే అమల్లో ఉంది. నాకు పోస్టులో పంపి తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకుండా ఉండలేను. కాపీ చేతికొచ్చినంత మాత్రాన ఆ డిక్రీ ఇండియాలో తప్పకుండా చెల్లుతుందని కాదు. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన తెలుగువాళ్ల కేసే. పెళ్లి తిరుపతిలో జరిగింది, విడాకులు మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో. ఆ విడాకులను మన సుప్రీంకోర్టు గుర్తించలేదు. హిందూ వివాహ చట్టంలో ఉన్న కారణం మీద ఇచ్చిందా, అవతలి పక్షం నిజంగా కోర్టుకు వచ్చి వాదించుకుందా, లేక విడాకులకు ఒప్పుకుందా అన్నవి ముఖ్యమని చెప్పింది. ఆ కేసులో దాఖలు చేసిన డిక్రీ ఫొటోస్టాట్ మీద అక్కడి సర్క్యూట్ క్లర్క్ ధ్రువీకరణ ఉంది, అమెరికాలోని మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ మాత్రం లేదు. ఆ లోటునూ తీర్పు ఎత్తి చూపింది. ఒక్క ముద్ర ఎంత దూరం వెళ్తుందో దీన్నిబట్టి చూడండి.

అందుకని డిక్రీతో పాటు, అవతలి పక్షం కోర్టులో వేసిన జవాబో, సమన్లు అక్కర్లేదని సంతకం చేసిన వేవర్ కాగితమో ఫైలులో ఉంటే దానికి కూడా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఇద్దరూ ఒప్పుకునే విడిపోయారని రేపు చూపించగలిగేది అదే. ఒకవేళ ఒకరు రాకుండానే ఏకపక్షంగా వచ్చిన డిక్రీ అయితే, పెళ్లి ముహూర్తం పెట్టుకోకముందే ఇక్కడి ఫ్యామిలీ కోర్టు లాయరుకు చూపించండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. ఇదంతా టెక్సస్ పద్ధతి. న్యూయార్క్‌లో విడాకులిచ్చేది సుప్రీం కోర్టు (పేరు అదే కానీ అక్కడ అది కేసులు మొదట విచారించే కోర్టు), ఫైళ్లు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి, 100 ఏళ్ల పాటు భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప ఇతరులకు చూపించరు. కోర్టు అనుమతిస్తే వేరే సంగతి. కాలిఫోర్నియాలో ఆ కౌంటీ సుపీరియర్ కోర్టును, జార్జియాలో సుపీరియర్ కోర్టు క్లర్క్‌ను అడగాలి.

చివరిగా, డిక్రీలో పిల్లల పేర్లు, ఆస్తులు, అప్పులు అన్నీ ఉంటాయి. టెక్సస్‌లో కోర్టుకిచ్చే కాగితాల్లో సోషల్ సెక్యూరిటీ నంబర్లు, బ్యాంకు నంబర్లు కప్పేయాలన్న నియమం 2014లో అమల్లోకి వచ్చింది. మీ చెల్లెలిది 2012 కాబట్టి ఆ నంబర్లు బయటికి కనిపించేలా ఉండొచ్చు. పెళ్లిసంబంధాల వాళ్లకో, మధ్యవర్తులకో మొత్తం డిక్రీని వాట్సాప్‌లో పంపొద్దని చెప్పండి. వాళ్లకు వైటల్ స్టాటిస్టిక్స్ లెటర్ చాలు. ఆ జిరాక్స్ మీద కౌంటీ పేరు కనబడితే కామెంట్‌లో ఆ ఒక్క పేరు రాయండి, వ్యక్తుల పేర్లు, కేసు నంబరు వద్దు. ఆ కౌంటీలో డిస్ట్రిక్ట్ క్లర్క్‌ను ఎలా అడగాలో వెతికి చెబుతాను.