బీరు కాచిన రోజు తప్పులూ, ఇరవై లక్షల భాగస్వామ్యమూ

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది భీమవరం. బెంగళూరు బెళ్లందూరులో ఉంటాం, ఐటీ ఉద్యోగం. కంపెనీ పంపితే నాలుగేళ్లు అమెరికాలో, ఆస్టిన్‌లో ఉండి ఏడాది కిందట తిరిగొచ్చాం. అక్కడ ఇంట్లో బీరు కాచడం అలవాటైంది. మొదట్లో డబ్బాల్లో దొరికే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాకంతో చేసేవాణ్ణి. వచ్చేముందు ఒక్కసారి ఆల్ గ్రెయిన్ పద్ధతిలో, అంటే మాల్ట్ గింజల దగ్గర్నుంచి మొదలుపెట్టి చేశాను. నాలుగున్నర కిలోల మాల్ట్‌తో 19 లీటర్లు చేశాను. ఆ రోజంతా తప్పులే. 67 డిగ్రీల నీళ్లు పోశాను, పిండి ఉండలు కట్టింది, వడకట్టేటప్పుడు బిగుసుకుపోయింది, చివర్లో వేడివేడిగానే హైడ్రోమీటర్ (ద్రవంలో చక్కెర ఎంతుందో చూపే సాధనం) వేసి చూస్తే 1.054 రావాల్సింది 1.036 వచ్చింది. తాగినవాళ్లు మాత్రం బాగుందన్నారు. ఇప్పుడు కాలేజీ స్నేహితుడు ఇక్కడ మైక్రోబ్రూవరీ, అంటే అక్కడే బీరు కాచి అమ్మే చిన్న పబ్బు, పెడుతున్నాడు. ఉద్యోగం మానేసి 20 లక్షలు పెట్టి 10 శాతం వాటాతో రమ్మంటున్నాడు. చేతిలో 24 లక్షలున్నాయి. అమెరికాలో 401-కె అనే రిటైర్మెంట్ ఖాతాలో 38,000 డాలర్లున్నాయి, అవసరమైతే తీసేస్తాను. గృహరుణం 46 లక్షలు, ఇంకా 16 ఏళ్లు. ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 1,10,000. మా ఆవిడ జీతం 70,000. పాప యూకేజీకి వస్తోంది, జూన్‌లో ఫీజు 1,20,000. ఈలోపు చెయ్యి తిరగాలని 1,20,000 రూపాయల ఎలక్ట్రిక్ బ్రూయింగ్ మెషీన్ ఈఎంఐలో కొందామనుకుంటున్నాను. స్నేహితుడి లెక్కల షీటు జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన వివరాల్లో నాకు బాగా పనికొచ్చింది ఆ తప్పుల జాబితా. ఉద్యోగం మానేయాలనుకునేవాళ్లు ఎక్కువమంది నాకు బాగున్న సంగతులే రాస్తారు. మీరు ఏ నీళ్లు ఎంత వేడిమీద పోశారో, ఏ అంకె ఎక్కడ తగ్గిందో రాశారు. అందుకే మీకు గట్టి జవాబు ఇవ్వగలుగుతున్నాను.

ముందు మెషీన్ సంగతి. ఇక్కడ డబ్బు కంటే చట్టం ముందొస్తుంది. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం వల్ల పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గ్యాలన్ల దాకా సొంతానికి బీరు కాచుకోవచ్చు, అమ్మకూడదు. అక్కడ మీరు చేసింది ఆ అనుమతి కిందే. మన దగ్గర మద్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజ్ చట్టం నడుస్తోంది. లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారుచేయడమే కాదు, తయారీ కోసం సామగ్రి దగ్గర ఉంచుకోవడం కూడా దాని కింద నేరమే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో సొంతానికే కదా అన్న మాట అక్కడ చెల్లదు. పైగా రేపు లైసెన్స్ ఉన్న బ్రూవరీలో భాగస్వామి కాబోతున్న మనిషి పేరు మీద ఎక్సైజ్ కేసు ఉంటే, నష్టం మీ ఒక్కరితో ఆగదు. మెషీన్ వద్దు. ఈఎంఐలోనూ వద్దు, నగదుతోనూ వద్దు.

చెయ్యి తిరగాలన్న కోరిక మాత్రం న్యాయమైనదే, దానికి దారి ఉంది. మీ తప్పులు ఒక్కొక్కటీ చూడండి.

67 డిగ్రీల్లో నానాల్సిన గింజల మీద మీరు 67 డిగ్రీల నీళ్లే పోశారు. గింజలు చల్లగా ఉంటాయి, ఆ వేడిని లాగేసుకుంటాయి. కిలోకి మూడు లీటర్ల లెక్కన, గింజలు 20 డిగ్రీల్లో ఉన్నాయనుకుంటే, కలిపాక మీ మాష్, అంటే నీళ్లు కలిపిన ఆ గింజల ముద్ద, 61 డిగ్రీల దగ్గర నిలబడి ఉంటుంది. 73, 74 డిగ్రీల నీళ్లు పోస్తే 67 దగ్గరికి వచ్చేది. గింజలోని పిండి పూర్తిగా విచ్చుకుని చక్కెరగా మారడానికి 61 చాలదు, ఎంజైముల్లో కొన్ని మందకొడిగా నడుస్తాయి. దానికి తోడు ఉండలు. నీళ్లు, గింజలు ఒకేసారి కుమ్మరిస్తే ఉండ లోపలి పిండికి నీళ్లే తగలవు. ఇక వడకట్టు బిగుసుకుపోవడం: ట్యాపు మొత్తం ఒక్కసారి తిప్పితే ద్రవం జోరుగా దిగి, పొట్టు కిందికి లాగబడి గట్టిగా అదుముకుపోతుంది. ట్యాపు సగం కంటే తక్కువ తెరిచి, మొదట దిగిన మడ్డి ద్రవాన్ని మళ్లీ పైనే పోస్తూ ఉంటే పొట్టు తనంతట తానే వడపోత అవుతుంది.

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. హైడ్రోమీటర్లు ఎక్కువగా 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపేలా చేసి ఉంటాయి. ద్రవం వేడిగా ఉంటే పలచబడి అంకె తగ్గుతుంది. మీ నమూనా 40 డిగ్రీల్లో ఉందనుకుంటే, అది చూపిన 1.036 అసలు విలువ సుమారు 1.042. ఈ అంకెలో వెయ్యో వంతును ఒక పాయింటు అంటారు. మీరు 18 పాయింట్లు పోయాయని బాధపడ్డారు. అందులో 6 పాయింట్లు ఎక్కడికీ పోలేదు, కొలవడంలో తేడా అంతే. మూడో వంతు నష్టం జరగనే లేదు. మిగిలిన 12 పాయింట్లు నిజంగా పోయాయి. నాలుగున్నర కిలోల మాల్ట్‌తో 19 లీటర్లు చేశానన్నారు కదా, ఆ లెక్కన గింజలోని చక్కెరలో మీరు బయటికి తీసింది దాదాపు 58 శాతం. రెసిపీ రాసినవాళ్లు 75 శాతం వస్తుందనుకుని రాశారు. అది వాళ్ల మర, వాళ్ల పాత్ర, వాళ్ల అలవాటు మీద వచ్చే అంకె. మీ చేతిది కాదు.

ఈ నాలుగు తప్పులూ దిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదని గమనించండి. మెషీన్ వేడిని నిలకడగా ఉంచుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఉండలు కలిపి విడదీయడం, నమూనా చల్లారేదాకా ఆగడం మీరే చేయాలి.

దారి ఏమిటంటే, ఈస్ట్ వేసేదాకా అందులో ఆల్కహాల్ ఉండదు. మాష్ నుంచి వడకట్టు దాకా వచ్చేది తీయటి మాల్ట్ నీళ్లు, రాగిమాల్ట్‌కి దగ్గరి చుట్టం. మీ తప్పులన్నీ జరిగింది ఆ దశలోనే. పది లీటర్ల స్టీలు గిన్నె, మంచి థర్మామీటర్, హైడ్రోమీటర్, వడకట్టే గుడ్డసంచి, కిలోల లెక్కన మాల్ట్ ఉంటే చాలు. కొన్ని వేలల్లో అయిపోతుంది. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) వద్దు, ఈస్ట్ అసలే వద్దు. చక్కెర ఎంత శాతం తీశారో ప్రతిసారీ రాసుకోండి, ఆ ద్రవాన్ని మాల్ట్ డ్రింక్‌గా తాగేయండి, పాపక్కూడా పోయండి. 58 నుంచి 70 దాటి, వరసగా అక్కడే నిలబడ్డాక మీ అంకె మీకు తెలిసినట్టు. పులియబెట్టడం, ఈస్ట్ సంగతి మాత్రం లైసెన్స్ ఉన్న బ్రూవరీలోనే నేర్చుకోవాలి. ఇందిరానగర్‌లో టోయిట్ అనే బ్రూవరీ 2010లో తెరిచినప్పటి నుంచీ బెంగళూరులో ఈ వృత్తి గట్టిపడింది. శని, ఆదివారాలు ఉచితంగా ట్యాంకులు కడుగుతానంటే రానిచ్చేవాళ్లు దొరుకుతారు. ట్యాంకులు కడగడమే ఆ పనిలో సగం.

ఇప్పుడు షీటు. దీన్ని కూడా మీ రెసిపీ చూసినట్టే చూశాను. నెలకు బీరు, కిచెన్ కలిపి 30 లక్షల అమ్మకం, ఖర్చులు పోగా 4 లక్షల లాభం, మీ 10 శాతానికి 40,000. మొదటి నెల నుంచే ఇదే అంకె. ఈ 30 లక్షలు ఏ కొలత మీద వచ్చాయో షీటులో ఎక్కడా లేదు. ఎవరో అనుకున్న 75 శాతం లాంటిదే ఇది కూడా.

అమ్మకం 15 శాతం తగ్గిందనుకుందాం. అంటే 4,50,000 తక్కువ. మాల్ట్, హాప్స్, కిచెన్ సరుకుల ఖర్చు కొంత తగ్గుతుంది. షీటులో అవి అమ్మకంలో 30 శాతం ఉన్నాయి కాబట్టి 1,35,000 మిగులుతుంది. అద్దె, జీతాలు, కరెంటు, లైసెన్సు ఫీజు, బ్యాంకు వాయిదా ఒక్క రూపాయి తగ్గవు. 4 లక్షల లాభం 85,000 అవుతుంది. మీ వాటా 8,500. అమ్మకంలో ఏడో వంతు పోతే మీ చేతికొచ్చేదాంట్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు పోతాయి. వానాకాలంలో నెలకు నాలుగైదు రోజులు జనం రాకపోయినా ఇంత తేడా రావచ్చు.

ఇంకో చిన్న సంగతి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. ట్యాంకులు, బాయిలర్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని బీరు అమ్మకంలో సర్దుకోవడం కుదరదు, అది ఖర్చులోనే కలుస్తుంది. షీటులో ఆ పన్నును వెనక్కి వచ్చే డబ్బుగా చూపించారు. మీ స్నేహితుణ్ణి ఒకసారి ఆడిటర్‌తో సరిచూసుకోమనండి.

ఇల్లు ఎలా నడుస్తుందో చూద్దాం. ఉద్యోగం మానేస్తే నెలకు వచ్చేది మీ ఆవిడ జీతం 70,000, పోయేది 1,10,000. నెలకు 40,000 తక్కువ. 24 లక్షల్లో 20 పెట్టేస్తే 4 లక్షలు మిగులుతాయి, అంటే పది నెలలు. జూన్ ఫీజు కడితే ఏడు నెలలు. మీ కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది కాబట్టి సొంత పాలసీ తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఈ ఏడు నెలల్లో అనుమతులు రావాలి, ట్యాంకులు దిగాలి, ఫుడ్ సేఫ్టీ, ఫైర్, కాలుష్య మండలి కాగితాలు పూర్తవాలి, మొదటి బీరు పులియాలి, జనం రావాలి. షీటులో మీ వాటా 40,000, మీ ఇంటి లోటు కూడా 40,000. రెండూ సమానంగా ఉండటం చూసి మీకు ధైర్యం వచ్చినట్టుంది. నాకు మాత్రం భయం వేసింది. ఎందుకంటే అన్నీ అనుకున్నట్టు జరిగితేనే ఇల్లు సరిగ్గా గడుస్తుంది, ఏదీ అటూ ఇటూ కావడానికి లేదు.

401-కె ముట్టుకోకండి. 59 ఏళ్ల 6 నెలల వయసు రాకముందు తీస్తే మామూలు ఆదాయపు పన్ను మీద అదనంగా 10 శాతం పడుతుంది. 38,000 డాలర్లకు 3,800 డాలర్లు ఊరికే పోతాయి. అక్కడే ఉంచితే నష్టమేమీ లేదు. అమెరికా లాంటి నోటిఫై చేసిన దేశాల్లోని రిటైర్మెంట్ ఖాతాల మీద ఏటా ఇక్కడ పన్ను కట్టకుండా, అక్కడ పన్ను పడే ఏడాదికే ఇక్కడా లెక్కలోకి తీసుకునే వెసులుబాటు 2021 నుంచి మన చట్టంలో ఉంది. రిటర్ను వేసేవేళకు ఆ ఎంపిక ఫారం దాఖలు చేయాలి. తిరిగొచ్చి ఏడాదే అయింది కాబట్టి ఈ సారి రిటర్నుకు ముందే ఆడిటర్‌కి గుర్తుచేయండి. విదేశీ ఆస్తుల పట్టిక నింపడం కూడా మరచిపోవద్దు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఒప్పందం దగ్గర. మీ స్నేహితుడు పెడుతున్నది మామూలు భాగస్వామ్య సంస్థ అని షీటు పైన రాసుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడు. మీ వాటా 10 శాతమే అయినా, అప్పిచ్చినవాళ్లు మొత్తం బాకీ మీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు. అంటే 46 లక్షల రుణం ఉన్న మీ ఫ్లాటు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఎల్ఎల్‌పీగా, అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థగా మార్చితే మీ బాధ్యత మీరు పెట్టిన డబ్బుతో ఆగుతుంది. అప్పుడు కూడా బ్యాంకు వ్యక్తిగత హామీ సంతకం అడుగుతుంది. ఆ కాగితం మీద సంతకం పెడితే ఎల్ఎల్‌పీ వల్ల వచ్చిన రక్షణ ఆ అప్పు వరకు పోయినట్టే. స్నేహితుడు చిన్నబుచ్చుకుంటాడని మొహమాటపడి సంతకం పెట్టొద్దు. మీ ఆవిడ సంతకం అసలు పెట్టించొద్దు.

నా సలహా ఇది. ఉద్యోగంలోనే ఉండండి. ఈ ఏడాదికి బ్రూయింగ్ నేర్చుకోవడానికి, గింజలు, కొలత సామాన్లు, వారాంతపు ప్రయాణాలు, ఓ చిన్న కోర్సు అన్నిటికీ కలిపి లక్ష రూపాయలు పక్కన పెట్టండి. 24 లక్షల్లో 8 లక్షలు స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు వెంటనే తీసుకోగలిగే డిపాజిట్‌లో) ఇంటి కోసం ఉంచండి. మీ ఒక్క జీతం ఆగినా, ఫీజులూ బీమా కలుపుకుని ఏడాది పైన గడవాలి. రుణానికి సరిపడా టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. స్నేహితుడికి మీ మీద నిజంగా నమ్మకం ఉంటే 5 లక్షలకు, ఎల్ఎల్‌పీలో, ఉద్యోగం మానకుండా వాటా ఇమ్మనండి. ఆ 5 లక్షలు పూర్తిగా పోయినా ఈఎంఐ ఆగదు, ఫీజు ఆగదు. బ్రూవరీ తెరిచాక ఆరు నెలల నిజమైన అమ్మకం లెక్కలు చూసి, మిగతా డబ్బు సంగతీ ఉద్యోగం సంగతీ అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ మాటలు అతనికి చెప్పడం కష్టమని నాకు తెలుసు. కాలేజీ స్నేహం అది. ఈ జవాబే చూపించండి, కావాలంటే అతన్ని కూడా నాకు రాయమనండి. షీటులో 30 లక్షలు అన్న చోట ఆ అంకె ఎక్కడిదో, ఏ బ్రూవరీ ఏ నెల బిల్లులు చూసి వేశారో రాసి పంపమనండి. ఒప్పందం ముసాయిదా వచ్చాక, సంతకానికి ముందు ఒక ఎక్సైజ్ లాయరుకూ నాకూ కాపీ పంపండి.