తిరుమల పిన్‌కోడ్‌కి కారణాంకాలెన్ని?

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఎనిమిదో తరగతి. తిరుమల పిన్‌కోడ్ 517504కి మొత్తం కారణాంకాలెన్నో కనుక్కురమ్మన్నారట. ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కోదానితో భాగిస్తూ కూర్చున్నాడు. ఇలా అయితే తెల్లారిపోతుంది. దగ్గరి దారి ఉందా? సంఖ్య పెద్దదయ్యేకొద్దీ కారణాంకాలూ పెరుగుతాయా?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఒక్కోదానితో భాగించొద్దని చెప్పండమ్మా. ముందు ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. సరి సంఖ్యే కదా, బేసి వచ్చేదాకా సగం చేస్తూ పోతే ఏడోసారికి 4043 దగ్గర ఆగుతుంది. చాలామంది పిల్లలు దీన్ని చూసి ప్రధాన సంఖ్యేమో అనుకుని వదిలేస్తారు. 3తో పోదు, 5తో పోదు మరి.

నాకెంతో ఇష్టమైన కిటుకు ఇక్కడే పనికొస్తుంది. 7, 11, 13 గుణిస్తే 1001. అందుకని ఆరంకెల సంఖ్యను సగానికి విరిచి, రెండు ముక్కల తేడా చూడాలి. ఆ తేడాని ఈ మూడింటిలో ఏది భాగిస్తే, అసలు సంఖ్యనీ అదే భాగిస్తుంది. 517లోంచి 504 తీసేస్తే సరిగ్గా 13! అంటే మన సంఖ్య 517 సార్లు 1001కి 13 తక్కువ. ఇక 13తో పోకుండా ఎలా ఉంటుంది? తిరుచానూరు 517503 చూడండి, తేడా 14, కాబట్టి 7తో పోతుంది. తిరుపతి 517501కి తేడా 16, మూడింటిలో ఏదీ పోదు. పక్కపక్క పిన్‌కోడ్‌లే, ఎంత వేరో!

4043ని 13తో భాగిస్తే 311. అది ప్రధాన సంఖ్యే. 18 వర్గం 324 కాబట్టి 17 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఏ కారణాంకం తయారుచేయాలన్నా 2ని అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఏడుసార్ల దాకా ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు. మొత్తం 8 దారులు. 13ని తీసుకోవడమో మానడమో, 2 దారులు. 311కీ అంతే. 8×2×2 = 32. ఘాతానికి ఒకటి కలిపి గుణించమనే సూత్రం ఇదే. ఆ ఒకటి, ‘అసలు తీసుకోకపోవడం’ అనే దారి. ఇది అర్థం చేసుకోకుండా బట్టీపడితే పరీక్ష టెన్షన్‌లో ముందు మరిచిపోయేది దాన్నే. సరిచూసుకోవాలంటే జతలు రాయమనండి: 1, 517504; 2, 258752... అలా పదహారో జత 622, 832 దగ్గర అయిపోవాలి.

సంఖ్య పెద్దదైతే కారణాంకాలు పెరగాలనేం లేదు. 498960 మన సంఖ్యకన్నా చిన్నదే, దానికి 200 ఉన్నాయి! 2, 3 నాలుగేసి సార్లు, 5, 7, 11 ఒక్కోసారి ఉన్నాయి అందులో. మన దాంట్లో 311 ఒక్కటే బోలెడు చోటు తినేసింది. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటినీ కారణాంకాల లెక్కలో మించిపోయే ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉండగా, 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. 498960 తర్వాత ఆ వరసలో వచ్చేది 554400. బాబుకి ఓపికుంటే దాన్నీ విడగొట్టమనండి, 216 రావాలి.