వైజాగ్ పొట్టకి అమెరికా తిండి పడాలంటే

సెలవుకి ఎంవీపీ కాలనీకి వచ్చినప్పుడల్లా, అమెరికా వెళ్ళబోయే పిల్లల అమ్మలు అడిగేది ఒకటే: "అక్కడికెళ్తే పొట్ట పాడవుతుందట కదండీ, ఏం కట్టి పంపమంటారు?" పెద్దగా ఏమీ అక్కర్లేదంటాను. బియ్యమైతే అసలు పెట్టొద్దు, ధాన్యాన్ని పాడుచేసే ఖప్రా పురుగు వస్తుందన్న భయంతో మన దేశం నుంచి లగేజీలో బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించింది. మన తిండి దొరక్క పొట్ట పాడవదు. ఇక్కడ అమ్మ చేతిమీదుగా జరిగిపోయే పనులు అక్కడ చేసేవాళ్ళు లేక పాడవుతుంది.

ఇక్కడ రైతు బజార్ నుంచి వచ్చిన తోటకూరో బచ్చలో పప్పులో పడుతుంది. పొద్దున పులిసిన పిండితో ఇడ్లీ, రాత్రి మజ్జిగ, ఎండాకాలం చోడి (రాగి) అంబలి. అక్కడ మొదటి నెలలో మిగిలేవి తెల్లన్నం, గుడ్డు, ఆవకాయ, అర్ధరాత్రి పిజ్జా. పేగుల్లో మనకి మేలు చేసే బ్యాక్టీరియా బతికేది పీచు మీద. అమెరికా లెక్కల ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 25 గ్రాములు, మగవాళ్ళకి 38 గ్రాములు కావాలి. కప్పు తెల్లన్నంలో గ్రాము కూడా ఉండదు. కప్పు ఉడికిన రాజ్మాలో 11 గ్రాములకు పైనే.

మన చింతపల్లి ఏజెన్సీలో పండే ఆ రాజ్మానే అక్కడ ఏ సూపర్ మార్కెట్‌లోనైనా చవగ్గా దొరుకుతుంది, అలసందలూ అంతే. ఒక్క జాగ్రత్త: రూమ్మేట్ దగ్గర తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ ఉంది కదా అని పచ్చి రాజ్మా అందులో పడేయకండి. ఆ కాస్త వేడికి గింజలోని విషపదార్థం పోదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. అలవాటు లేని పొట్టకి ఒక్కసారిగా పెంచితే ఉబ్బరమే. మొదట గరిటెడు, తర్వాత మెల్లగా. నీళ్ళు కూడా బాగా తాగాలి.

ఇక పెరుగు. అక్కడ డబ్బా మీద ప్లెయిన్ అని, 'లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్' (అంటే బతికున్న బ్యాక్టీరియా) అని ఉన్నది కొనండి. పళ్ళ రుచులవి మిఠాయి కింద లెక్క. ఇంకా మేలు, ఆ డబ్బాలోంచి ఓ చెంచా తీసి ఇంట్లోనే తోడు పెట్టుకోండి. మన సముద్రపు ఉక్కకి గట్టు మీద పెట్టినా తెల్లారేసరికి తోడుకుంటుంది, చలి దేశంలో అలా కుదరదు. గోరువెచ్చని పాలలో తోడు కలిపి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. ఇడ్లీ పిండికీ ఇదే ఉపాయం. పొద్దున ఓవెన్ వేసేముందు లోపలేముందో చూసుకోమని రూమ్మేట్‌కి చెప్పడం మరవద్దు!

ఆవకాయతో పొట్ట బాగుపడుతుందని మావాళ్ళూ నమ్ముతారు. ఆ ఉప్పూ కారం నూనెల మీద నాకంత నమ్మకం లేదు. రుచికి తినండి, మందనుకుని కాదు. చద్దన్నం తినాలనుంటే అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రంతా బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు. ఫ్రిజ్‌లో చల్లబడిన అన్నంలో కొంత పిండిపదార్థం తేలిగ్గా అరగని రూపంలోకి మారి, పీచులాగే పేగుల బ్యాక్టీరియాకి మేత అవుతుంది.

మేలు చేసే బ్యాక్టీరియాని మాత్రలుగా అమ్మే ప్రోబయాటిక్ సీసాలు చూసి డాలర్లు తగలేయకండి. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘమే 2020లో చాలా పొట్ట జబ్బులకి వాటిని సిఫారసు చేయలేమంది. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళండి. ఇక్కడ మందుల షాపులో అడిగి కొన్నట్టు అక్కడ యాంటీబయాటిక్ ఇవ్వరు. అది మన మంచికే, అవి పొట్టలోని మేలు చేసేవాటినీ చంపుతాయి. సూట్‌కేసులో అలాంటి స్ట్రిప్పులు అమ్మ సర్ది ఉంటే, డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి.