లాక్‌డౌన్‌లో గాలి శుభ్రపడింది కదా, మరి కార్బన్ డయాక్సైడ్ ఎందుకు తగ్గలేదు?

రెండు రకాల కాలుష్యమూ ఒకే పొగగొట్టంలోంచి వచ్చినా, గాలిలో నిలిచే కాలం వేరు. వాహనాలు, ఫ్యాక్టరీలు వదిలే నైట్రోజన్ డయాక్సైడ్ కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. సన్నటి ధూళి కణాలు కొద్ది రోజులుంటాయి, వాన పడితే ఇంకా తొందరగా పోతాయి. అందుకే 2020 మార్చి 25న దేశమంతా బండ్లు ఆగాక కొద్ది రోజులకే ఆకాశం తేటపడింది. పంజాబ్‌లోని జలంధర్ మేడల మీదికెక్కితే ధౌలాధర్ మంచు కొండలు కనిపించాయి.

కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, వందల ఏళ్ల పాటు పేరుకుంటూ పోతుంది. కుళాయి కాస్త బిగించినంత మాత్రాన నిండిన తొట్టిలో నీళ్లు తగ్గవు. పైగా మనం బిగించిందీ కొంచెమే: 2020లో ప్రపంచ ఉద్గారాలు అంతకుముందు ఏడాదికన్నా తగ్గింది 5 శాతం చిల్లర. హవాయిలోని మౌనా లోవా పరిశీలన కేంద్రంలో ఆ మే నెల కార్బన్ డయాక్సైడ్ సగటు 417 పీపీఎం (గాలిలో పది లక్షల అణువులకు 417), అప్పటికి అదే రికార్డు.

ఇంకో విచిత్రం, చాలా నగరాల్లో నేలకు దగ్గరగా ఉండే ఓజోన్ పెరిగింది! పైన ఎక్కడో ఉండే ఓజోన్ పొర మనకు మేలు చేస్తుంది కానీ, మనం పీల్చే గాలిలో ఓజోన్ కూడా కాలుష్యమే. బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మామూలుగా దాన్ని కొంత తినేస్తుంది. పొగ తగ్గేసరికి ఓజోన్ మిగిలిపోయింది. గాలి 'శుభ్రపడింది' అని ఒక్క ముక్కలో తేల్చేయడం అందుకే నాకు నచ్చదు.

లాక్‌డౌన్‌లో వెనిస్ కాలువల్లోకి డాల్ఫిన్లు వచ్చాయంటూ వాట్సాప్‌లో తిరిగిన వీడియోను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అది ఇటలీ దీవి సార్డీనియాలోని రేవులో తీసింది.